ఇంటి ప్లగ్గే మన బంకు



ఎలక్ట్రిక్ బైకు మాట ఎత్తితే చాలు, మన గోదావరి ఊళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "మా ఊళ్లో ఫాస్ట్ చార్జర్ లేదు కదండీ, బండి ఎలా కొనమంటారు?" అని. న్యాయమైన ప్రశ్నే. లక్ష రూపాయలు పైబడి పెట్టేవాళ్లు అడగాల్సిందే. ఇవాళ దానికి జవాబు వెతుకుదాం. ఊరికే గాల్లో మాట్లాడుకోకుండా, ఆత్రేయపురాన్ని మధ్యలో పెట్టుకుని లెక్క వేద్దాం. మీది ర్యాలి కావచ్చు, లొల్ల కావచ్చు, ఊబలంక కావచ్చు. లెక్క మాత్రం ఒకటే.

జవాబు ముందే చెప్పేస్తానండి. ఫాస్ట్ చార్జర్ ఉందా అన్నది మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న, మీరు రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారు? రెండో ప్రశ్న, రాత్రి బండి పెట్టే చోట మంచి ప్లగ్గు ఉందా? ఈ రెండూ కుదిరితే, మూడోదాని అవసరం చాలామందికి ఎప్పుడో గాని రాదు. ఈ రెండూ కుదరకపోతే, వీధి చివర ఫాస్ట్ చార్జర్ పెట్టినా సుఖం ఉండదు.

మరి మనకి మూడో ప్రశ్నే ముందు ఎందుకు తడుతుంది? పెట్రోలు అలవాటు వల్ల. పెట్రోలు ఇంటికి రాదు. మనమే బంకుకి వెళ్లాలి. అందుకని ట్యాంకు అడుగంటేదాకా తిరిగి, ఒక్కసారి కొట్టించుకుంటాం. కరెంటు అలా కాదు. అది ఎప్పుడో మన ఇంటికొచ్చి కూర్చుంది. వాకిట్లో బంకు ఉన్నట్టే. రోజూ రాత్రి కాస్త కాస్త నింపుకోవచ్చు. పొద్దున్నే నిండు బ్యాటరీతో బయల్దేరొచ్చు. ఈ ఒక్క తేడా మనసుకి పడితే, మిగతా విషయమంతా తేలిగ్గా అర్థమవుతుంది.

సరే, ముందు బళ్ల సంగతి చూద్దాం. అసలు ఎలాంటి బళ్లు దొరుకుతున్నాయి?

మన దేశంలో అమ్ముడవుతున్న ఎలక్ట్రిక్ టూవీలర్లలో ఎక్కువ భాగం స్కూటర్లే. మోటారుసైకిళ్లు తక్కువ. కానీ మన పల్లెల్లో జనానికి కావాల్సింది మోటారుసైకిల్. కాలవ గట్టు మీద గతుకుల్లో పోవాలి. చేలో పుంతదారిన దిగాలి. వెనక గడ్డిమోపు కట్టాలి, లేదంటే రెండు అరటి గెలలు కట్టాలి. పెద్ద చక్రాలుంటేనే ధైర్యం. ఇలాంటి బండి కరెంటు మీద నడవాలంటే పెద్ద బ్యాటరీ కావాలి. బ్యాటరీ పెద్దదైతే ధర పెరుగుతుంది. కంపెనీలు స్కూటర్ల వైపు మొగ్గడానికి అదొక కారణం.

అయినా మోటారుసైకిళ్లు లేకపోలేదు. 2019లో రివోల్ట్ కంపెనీ ఆర్‌వి 400 అనే బండి తెచ్చింది. దాని బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తీసుకెళ్లొచ్చు. మన హైదరాబాద్ ఐఐటీలో పుట్టిన ప్యూర్ ఈవీ సంస్థ 2023లో ఎకోడ్రిఫ్ట్ అనే మోటారుసైకిల్‌ని మార్కెట్లోకి దించింది. బెంగళూరు నుంచి ఒబెన్ రోర్ వచ్చింది. ఓలా వాళ్లు 2025లో రోడ్‌స్టర్ ఎక్స్ తెచ్చారు. వేగం మీద మోజున్న కుర్రకారు కోసం బెంగళూరులోనే అల్ట్రావయొలెట్ ఎఫ్ 77 తయారవుతోంది. దాని ధర మూడు లక్షల దరిదాపుల్లో ఉంటుంది. రోజువారీ పనికి పనికొచ్చే బళ్లు సుమారు లక్ష నుంచి లక్షన్నర మధ్యలో ఉంటాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలండి. ఫోన్లో బుక్ చేస్తే బండి ఇంటికి వచ్చేస్తుంది. కానీ బండి ఆగిపోయిన రోజున ఎవరొస్తారు? పెట్రోలు బండికి ప్రతి సెంటర్లోనూ మెకానిక్ ఉంటాడు. స్పానర్ తీసి చూస్తాడు, ప్లగ్గు తుడిచి పంపిస్తాడు. కరెంటు బండికి కంప్యూటర్ పెట్టి చూడాలి. అందుకని కొనేముందు షోరూమ్ వాళ్లని మూడు సంగతులు అడగండి. సర్వీసు సెంటర్ రాజమండ్రిలో ఉందా, లేక ఇంకా దూరమా? బండి కదలకపోతే ఆత్రేయపురం దాకా వ్యాను పంపిస్తారా? చార్జర్ పాడైతే కొత్తది ఎన్నాళ్లకి వస్తుంది? నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి ఇమ్మనండి. ఆ మూడింటికీ సరైన జవాబు రాకపోతే, బండి ఎంత అందంగా ఉన్నా మన ఊరికి అది దొరకనట్టే లెక్క.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. రోజుకి ఎన్ని కిలోమీటర్లు?

ఆత్రేయపురం నుంచి మన తిరుగుళ్లు ఎటు? బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి, ధవళేశ్వరం మీంచి రాజమండ్రి వెళ్తాం. అది ఇంచుమించు ఇరవై, పాతిక కిలోమీటర్లు. రానూపోనూ యాభై అనుకోండి. ఇటు రావులపాలెం అయితే అందులో సగం. శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్తే ఇంకా దగ్గర. అమలాపురం వెళ్లొస్తే మాత్రం తొంభై, వంద దాకా అవుతుంది.

ఉదాహరణకి పూతరేకుల వ్యాపారం చేసే ఒకాయన్ని తీసుకుందాం. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా. ఈయన రోజూ పొద్దున్నే డబ్బాలు కట్టుకుని రాజమండ్రి కొట్లలో వేసి వస్తాడు. సాయంత్రం నెయ్యికో, డబ్బాలకో రావులపాలెం వెళ్లొస్తాడు. రోజుకి డెబ్భై, డెబ్భై అయిదు కిలోమీటర్లు. ఇంకొకామె టీచరు. పక్క ఊళ్లో బడి. రోజుకి ఇరవై కిలోమీటర్లు దాటదు. ఇద్దరికీ ఒకే బండి అక్కర్లేదు.

కంపెనీ వాళ్లు ఏం చెబుతారు? ఒక్క చార్జింగ్‌తో నూట ముప్ఫై వెళ్తుంది, నూట యాభై వెళ్తుంది అంటారు. అది అబద్ధం కాదు. పరీక్ష చేసే చోట, ఒక పద్ధతిలో నడిపితే వచ్చిన లెక్క అది. మన రోడ్డు మీద అంత రాదు. వెనక మనిషి కూర్చుంటే తగ్గుతుంది. గెలలు కడితే తగ్గుతుంది. బ్యారేజీ మీద ఎదురుగాలి కొడితే తగ్గుతుంది. టైర్లలో గాలి తక్కువున్నా తగ్గుతుంది. అన్నిటికన్నా ఎక్కువ తగ్గించేది వేగం. గట్టు రోడ్డు మీద నలభైలో పోయే బండికీ, రావులపాలెం దాటాక హైవే ఎక్కి డెబ్భై అయిదులో పోయే బండికీ చాలా తేడా ఉంటుంది.

అందుకని ఒక మోటు లెక్క గుర్తుపెట్టుకోండి. కంపెనీ చెప్పిన కిలోమీటర్లలో మూడో వంతు కొట్టేయండి. నూట ముప్ఫై అంటే ఎనభై అయిదు, తొంభై అనుకోండి. ఆ మిగిలిన దాంట్లో మీ రోజు తిరుగుడు ఇమిడిపోవాలి. పైగా ఓ పాతిక కిలోమీటర్లు చేతిలో ఉండాలి. ఎందుకంటే ఏళ్లు గడిచేకొద్దీ బ్యాటరీ కొంత శక్తి కోల్పోతుంది. మన పూతరేకులాయనకి నూట ముప్ఫై చెప్పిన బండి ఇరుకవుతుంది. ఆయన ఇంకొంచెం పెద్ద బ్యాటరీ చూసుకోవాలి, లేదంటే మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఓ రెండు గంటలు ప్లగ్గు పెట్టుకోవాలి. టీచరమ్మకి అంత బండి అక్కర్లేదు. చిన్న బ్యాటరీ చాలు. డబ్బు మిగులుతుంది.

మళ్లీ చెబుతున్నా. మొదట మీ రోజు కిలోమీటర్లు. కంపెనీ లెక్కలో మూడో వంతు కొట్టేశాక మిగిలినదానితో పోల్చుకోండి.

ఇక రెండో ప్రశ్న. ఇంట్లో ప్లగ్గు.

బ్యాటరీ సైజుని కిలోవాట్ అవర్లలో చెబుతారు. ఆ పేరు విని కంగారు పడకండి. ఒక కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే ఒక యూనిట్. అంతే. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే మూడు యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ. చార్జింగ్‌లో కొంత వేడి రూపంలో పోతుంది కాబట్టి మీటరు మీద మూడున్నర యూనిట్లు తిరుగుతాయి.

బండితో ఇచ్చే మామూలు చార్జర్ చాలావరకు ఏడెనిమిది వందల వాట్లు లాగుతుంది. అంటే మూడు యూనిట్ల బ్యాటరీ నిండటానికి నాలుగైదు గంటలు. రాత్రి తొమ్మిదింటికి పెడితే రెండింటికల్లా అయిపోతుంది. మీరు లేచేసరికి బండి సిద్ధం. అసలు రోజూ బ్యాటరీ ఖాళీ అవ్వదు కదా. సగమే వాడితే సగం సమయమే పడుతుంది.

ఖర్చు ఎంత? యూనిట్ ఆరు రూపాయల చొప్పున వేసుకుంటే, మూడున్నర యూనిట్లకి ఇరవై ఒక్క రూపాయలు. దాంతో ఎనభై అయిదు, తొంభై కిలోమీటర్లు. అదే పెట్రోలు బండి లీటరుకి యాభై ఇస్తుందనుకుందాం. లీటరు నూట పది రూపాయలనుకుందాం. తొంభై కిలోమీటర్లకి దాదాపు రెండు వందలు. ఇరవై ఎక్కడ, రెండు వందలెక్కడ!

కానీ ఇక్కడ శ్లాబు అనే మెలిక ఉంది. జాగ్రత్తగా వినండి. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకి 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు. 225 దాటితే 8 రూపాయల 75 పైసలు. నెలకి పన్నెండు వందల యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి బండి కోసం యాభై యూనిట్ల దాకా పడతాయి. మీ ఇంటి వాడకం ఇప్పటికే రెండు వందల యూనిట్లు ఉందనుకోండి. ఆ యాభైలో సగం ఆరు రూపాయల మీద, సగం ఎనిమిది ముప్పావు మీద పడతాయి. మొత్తం మూడు వందల డెబ్భై రూపాయల దాకా వస్తుంది. పైన సర్దుబాటు చార్జీలు వేరు. అదే పెట్రోలుకైతే రెండు వేల ఏడు వందల యాభై. శ్లాబు మారినా తేడా పెద్దదే. కాని ఎండాకాలం ఏసీ వాడే ఇంట్లో బిల్లు చూసి ఉలిక్కిపడకుండా ముందే తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు ప్లగ్గు. టీవీ వెనక ఉండే చిన్న ప్లగ్గుకి, దానికో ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, వైరు కిటికీలోంచి బయటికి లాగి చార్జింగ్ పెట్టొద్దు. గంటల తరబడి కరెంటు లాగితే ఆ వైరు వేడెక్కుతుంది. బండి పెట్టే చోటే, గోడకి, పదిహేను యాంప్స్ ప్లగ్గు పెట్టించండి. మీటరు దగ్గర్నుంచి దానికి విడిగా వైరు లాగించండి. విడిగా ఎంసీబీ పెట్టించండి. ముఖ్యంగా ఎర్త్ చూపించండి. మన పాత ఇళ్లలో ప్లగ్గుకి మూడో కన్నం ఉంటుంది. దాని వెనక వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి టెస్టర్ పెట్టి చూడమనండి. ఈ పనంతా బండి ధరలో చిన్న ముక్క. కాని దీన్ని ఎగ్గొట్టకూడదు.

ఇంకో జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ, నిజామాబాద్‌లోనూ ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు చార్జింగ్‌లో ఉండగా పేలి మనుషులు చనిపోయారు. మనుషులు నిద్రపోయే గదిలో బ్యాటరీ చార్జింగ్‌కి పెట్టిన ఇళ్లవి. ఆ ఏడాది దేశంలో ఇంకొన్ని చోట్లా బళ్లు అంటుకున్నాయి. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు కఠినం చేసింది. 2022 డిసెంబరులో ఒక దఫా, 2023 మార్చి 31 నుంచి రెండో దఫా అమల్లోకి వచ్చాయి. కాబట్టి సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లు తయారీ తేదీ చూడండి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండికే మొగ్గు చూపండి. కొత్తదైనా పాతదైనా, పడకగదిలో చార్జింగ్ పెట్టొద్దు. తాటాకు పాకలో పెట్టొద్దు. గడ్డివాము పక్కన పెట్టొద్దు. గాలి ఆడే వసారాలో, వాన తగలని చోట పెట్టండి. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడండి. బండి ఎండలో తిరిగి వస్తే ఓ అరగంట చల్లారనిచ్చి ప్లగ్గు పెట్టండి.

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న మూడో ప్రశ్న. ఫాస్ట్ చార్జింగ్.

బ్యాటరీలో నిల్వ ఉండేది డీసీ కరెంటు. మన ఇంటికొచ్చేది ఏసీ. ఏసీని డీసీగా మార్చే పెట్టెనే చార్జర్ అంటారు. ఇంటి చార్జర్ చిన్న పెట్టె, నెమ్మదిగా మారుస్తుంది. ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్‌లో ఆ మార్చే యంత్రం పెద్దది. అది నేరుగా డీసీని బ్యాటరీలోకి తోస్తుంది. ఏథర్ కంపెనీ తన స్టేషన్లలో నిమిషానికి కిలోమీటరున్నర చొప్పున నిండుతుందని చెబుతుంది. అంటే టీ తాగి, ఇడ్లీ తినే ఇరవై నిమిషాల్లో ముప్ఫై కిలోమీటర్లు. రాజమండ్రి నుంచి ఇల్లు చేరడానికి సరిపడా.

అయితే బ్యాటరీ మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంతో నిండదు. ధాన్యం బస్తా నింపడం మీకు తెలిసిందే. మొదట్లో తట్టలతో ధారాళంగా పోస్తాం. మూతి దగ్గరికి వచ్చేసరికి ఆగి ఆగి, కుదిపి కుదిపి, దోసిళ్లతో పోస్తాం. అక్కడ కూడా తట్టలతో కుమ్మరిస్తే బయట పోతుంది, బలవంతంగా కుక్కితే కుట్టు విడిపోతుంది. బ్యాటరీ కూడా అంతే. ఎనభై శాతం దాకా చకచకా నిండుతుంది. ఆ పైన చార్జరే వేగం తగ్గించేస్తుంది. తగ్గించకపోతే లోపలి కణాలు వేడెక్కి పాడవుతాయి. కాబట్టి దారిలో ఫాస్ట్ చార్జర్ దగ్గర ఆగితే, ఎనభై అవ్వగానే తీసేసి బయల్దేరండి. ఆ చివరి ఇరవై కోసం అక్కడే కూర్చుంటే సమయం దండగ. మీ వెనకున్నవాళ్లకీ ఇబ్బంది. నిండా నింపడం ఇంటి పని. దారిలో అవసరమైనంతే.

ఇక అసలు చిక్కు చెబుతాను. పెట్రోలు బంకులో పైపు అన్ని బళ్లకీ పడుతుంది. ఫాస్ట్ చార్జర్ ప్లగ్గు అన్ని బళ్లకీ పట్టదు. ఇది చాలామంది బండి కొన్నాక తెలుసుకుంటున్నారు.

ఏథర్ తయారుచేసిన కనెక్టర్‌ని 2023లో భారత ప్రమాణాల సంస్థ, అంటే మన ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ, చిన్న వాహనాల కోసం జాతీయ ప్రమాణంగా ఆమోదించింది. హీరో వాళ్ల విడా స్కూటర్లు కూడా ఆ కనెక్టరే వాడుతున్నాయి. అంటే ఒకరి స్టేషన్లో మరొకరి బండి నింపుకోవచ్చు. ఓలా వాళ్ల దారి వేరు. వాళ్ల చార్జర్ వాళ్ల బళ్లకే. కొన్ని మోటారుసైకిళ్లకి అసలు ఫాస్ట్ చార్జింగ్ సదుపాయమే ఉండదు. ఇంటి చార్జరే గతి.

మరి హైవే మీద పెట్రోలు బంకుల్లో పెద్ద పెద్ద చార్జర్లు కనిపిస్తున్నాయి కదా అంటారు. నిజమే. కానీ వాటిలో చాలావరకు కార్లవి. ఆ తుపాకీ లాంటి లావుపాటి ప్లగ్గు మన బైకులకి పట్టదు. దానికి ఒక మినహాయింపు ఉంది. చెన్నైలో రాప్టీ అనే సంస్థ 2024లో టీ 30 అనే మోటారుసైకిల్‌ని చూపించింది. అది కార్ల చార్జర్ దగ్గరే నింపుకునేలా తయారైంది. అలాంటివి ఎక్కువైతే మన పదహారో నంబరు హైవే మీద బైకులకీ దారి సుగమం అవుతుంది. ప్రస్తుతానికి అవి అరుదు.

బ్యాటరీ మార్చుకునే పద్ధతి కూడా ఉంది. ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవడం. తైవాన్‌లో గొగొరో అనే సంస్థ 2015 నుంచి ఊరూరా ఈ మార్పిడి కేంద్రాలు పెట్టి నడిపిస్తోంది. మన దేశంలో హోండా 2024 నవంబరులో చూపించిన యాక్టివా ఈ అనే స్కూటర్ ఇదే పద్ధతి మీద నడుస్తుంది. దాన్ని ముందు బెంగళూరు, ఢిల్లీ, ముంబై లాంటి మహానగరాలకే పరిమితం చేశారు. ఎందుకంటే కొద్ది కిలోమీటర్లకో కేంద్రం లేకపోతే ఆ బండి నడవదు. దానికి ఇంటి ప్లగ్గు పని చేయదు. కాబట్టి మన లంకలకీ, గట్టు ఊళ్లకీ ఇప్పట్లో అది కుదిరే పద్ధతి కాదు.

అందుకని షోరూమ్‌లో ఇలా అడగండి. "ఈ బండికి ఫాస్ట్ చార్జింగ్ ఉందా? ఉంటే ఏ కంపెనీ స్టేషన్లో పడుతుంది? రాజమండ్రిలో, రావులపాలెంలో, అమలాపురంలో అది ఎక్కడుంది? ఫోన్లో చూపించండి." చూపించాక ఒకసారి స్వయంగా వెళ్లి చూడండి. పని చేస్తోందో లేదో చూడండి. ఫోన్లో పచ్చ చుక్క కనబడినంత మాత్రాన అక్కడ కరెంటు ఉన్నట్టు కాదు.

ఇప్పటిదాకా చెప్పింది ఒకసారి గుర్తుచేసుకుందాం. మొదట మీ రోజు కిలోమీటర్లు. తర్వాత మీ ఇంటి ప్లగ్గు. ఆ తర్వాతే ఫాస్ట్ చార్జర్. అదీ మీ బండికి పట్టేదైతేనే.

ఈ బండి ఎవరికి కుదరదో కూడా చెప్పాలి కదా. వారానికి రెండుసార్లు బైకు మీదే విజయవాడకో, విశాఖకో వెళ్లేవాళ్లకి ఇప్పుడే వద్దు. అద్దె ఇంట్లో మేడ మీద ఉంటూ, కింద ప్లగ్గు పెట్టుకోనివ్వని వాళ్లకి, బ్యాటరీ ఊడదీసే బండి అయితేనే కుదురుతుంది. అదీ పది కిలోల పైనే బరువు ఉంటుంది. మోయగలరో లేదో షోరూమ్‌లోనే ఎత్తి చూడండి. ఇంట్లో రెండు బళ్లుంటే ఒకటి పెట్రోలు ఉంచుకుని, రోజూ తిరిగేది కరెంటుది పెట్టుకోవడం తెలివైన పని.

మన ప్రాంతానికే చెందిన చిక్కు ఇంకొకటుంది. అది వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వచ్చాయి. లంకలు మునిగాయి. అలాంటప్పుడు రోజుల తరబడి కరెంటు ఉండకపోవచ్చు. పెట్రోలు సీసాలో తెచ్చుకోవచ్చు. కరెంటు తెచ్చుకోలేం. కాబట్టి ధవళేశ్వరం దగ్గర పదకొండు ముప్పావు అడుగుల మొదటి ప్రమాద హెచ్చరిక పెట్టారని వినగానే రెండు పనులు చేయండి. బండి నిండా చార్జింగ్ పెట్టండి. మెరక మీదికి తీసుకెళ్లి పెట్టండి. బ్యాటరీ మీద ఐపీ 67 అని రాసి ఉంటే, మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. వానలో తడిస్తే భయం లేదు. కానీ వరద అరగంటలో పోదు. నీళ్లలో నానిన బండిని ఎండబెట్టి ప్లగ్గు పెట్టడం మాత్రం చేయకండి. సర్వీసు వాళ్లు చూసేదాకా ముట్టుకోవద్దు.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఎలక్ట్రిక్ బళ్ల మీద జీఎస్టీ 2019 నుంచి 5 శాతమే. కేంద్రం 2024 అక్టోబరులో పీఎం ఈ-డ్రైవ్ అనే పథకం మొదలుపెట్టింది. మొదటి ఏడాది బండికి గరిష్ఠంగా 10,000 రూపాయల సబ్సిడీ ఇచ్చింది. రెండో ఏడాది అందులో సగం. అంటే ఈ సాయం తగ్గుతూ పోయేదే. కాబట్టి సబ్సిడీ ఉందని కొనకండి. సబ్సిడీ లేకపోయినా మీ లెక్క సరిపోతే కొనండి. బ్యాటరీ వారంటీ కాగితం మాత్రం పూర్తిగా చదవండి. కొన్ని కంపెనీలు ఎనిమిదేళ్లు, ఎనభై వేల కిలోమీటర్లు ఇస్తున్నాయి. దానికి అదనంగా డబ్బు కట్టాలా, ఎంత శాతం తగ్గితే మార్చి ఇస్తారు, అన్నది అడగండి.

చివరగా వ్యాపారం చేసుకునేవాళ్లకి ఒక మాట. బళ్లకి చార్జింగ్ పెట్టి డబ్బు తీసుకోవడానికి కరెంటు అమ్మే లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. అంటే ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు పెట్టుకున్నవాళ్లు, వాడపల్లి దారిలో హోటలు నడిపేవాళ్లు, వాకిట్లో ఓ రెండు పదిహేను యాంప్స్ ప్లగ్గులు పెట్టొచ్చు. కరెంటు ఆఫీసుకి వెళ్లి, ఏ కనెక్షన్ కింద పెట్టాలో, లోడు ఎంత పెంచుకోవాలో కనుక్కోండి. లక్షల యంత్రం అక్కర్లేదు. శనివారం వాడపల్లికి ఎంత జనం వస్తారో మీకు తెలుసు. ఏడు వారాలు, ఏడు ప్రదక్షిణలని మొక్కుకుని వచ్చేవాళ్లు గంటల కొద్దీ ఉంటారు. దర్శనం అయ్యేలోపు బండికి ముప్ఫై, నలభై కిలోమీటర్ల సత్తువ ఎక్కుతుంది. అలా ఆగినవాళ్లు ఒక డబ్బా పూతరేకులు కొనకుండా వెళ్తారా చెప్పండి!

ఇప్పుడు మీరు చేయాల్సిన పని ఒకటే. షోరూమ్‌కి వెళ్లకండి, ఇంకా తొందరలేదు. ఇవాళ రాత్రి మీ పెట్రోలు బండి దగ్గరికి వెళ్లి, మీటరు మీద కిలోమీటర్లు ఎంత ఉన్నాయో గోడ క్యాలెండరు మీద రాయండి. రోజూ రాత్రి అలాగే రాయండి. వారం తర్వాత ఏ రోజు ఎక్కువ తిరిగారో చూడండి. ఆ ఎక్కువ రోజు లెక్కే మీకు కావాల్సిన బండి లెక్క. ఈలోపు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వసారాలో ఎర్త్ చూపించండి. బండి కొన్నా, కొనకపోయినా ఆ ఎర్త్ మీ ఇంటికి మంచిదే.